చుక్క తర్వాత రెండు ఖాళీలు

నా ఉద్యోగ జీవితంలో నేను కొట్టిన అక్షరాల గురించి నాతో పెద్దగా ఎవరూ పోట్లాడలేదు. కొట్టని అక్షరాల గురించి మాత్రం ముగ్గురు మగవాళ్ళు నా ప్రాణం తీశారు. వాక్యం అయిపోయాక ఫుల్‌స్టాప్ పెడతాం కదా, దాని తర్వాత ఒక ఖాళీ వదలాలా, రెండు వదలాలా అన్నదే ఆ గొడవ. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆఫీసుల్లో జనం ఇంతకంటే చిన్న విషయాలకే మాటలు మానేసుకోవడం నేను చూశాను.

నా పేరు పీరమ్మ. అనంతపురంలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి టైపిస్టుగానే రిటైరయ్యాను. మధ్యలో నా కుర్చీకి రెండు మూడు పేర్లు మార్చారు గానీ కుర్చీని మార్చలేదు. ఆఫీసు పేరు చెప్పను. పెన్షను ఆపుతారన్న భయం కాదు. ఆ గోడల మీది వక్కాకు మరకలకు కీర్తి ప్రతిష్ఠలు ఎందుకని.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని, ఇదంతా పైనుంచి దిగివచ్చిన శాస్త్రం అనుకుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎలా పైకి రావాలో నన్ను అడగొద్దు. నేను రాలేదు.

మాస్టరు చెవి

మాది బత్తలపల్లె. మేం దూదేకులవాళ్ళం. మా నాయన పరుపులు కుట్టేవాడు. నేను పదో తరగతి పాసయ్యాక, టైపు నేర్చుకుంటే ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోబెడతారని ఎవరో చెప్పారట. ఆ ఫ్యాను మాట మీదే నన్ను రోజూ అనంతపురం బస్సెక్కించాడు.

ఇన్‌స్టిట్యూట్ ఒక మిద్దె మీద రేకుల షెడ్డు. టైప్‌రైటర్లను మేం మిషన్లనే అనేవాళ్ళం. ఎండాకాలం ఆ మిషన్లు ముట్టుకుంటే చురుక్కుమనేవి. మా మాస్టరు కుర్చీలో వెనక్కి వాలి, ముఖం మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. నిద్రపోతున్నాడని మొదటి వారం అందరం అనుకున్నాం. ఆయన వింటున్నాడు. స్పేస్‌బారు కొడితే వచ్చే శబ్దం వేరు, అక్షరాలది వేరు. ఫుల్‌స్టాప్ పడ్డాక ఆ మొద్దు శబ్దం రెండుసార్లు వినబడాలి. ఒక్కసారే వినబడితే తువ్వాలు కిందనుంచి గొంతు లేచేది.

"ఎవరమ్మా అది, చుక్క పెట్టి పారిపోతాండేది?"

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "రెండు ఏంటికి సార్? ఒకటి చాలదా?"

ఆయన తువ్వాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ప్రశ్న అడిగిన విద్యార్థిని ఆ షెడ్డులో అంతకుముందు చూసినట్టు లేదు.

"చూడమ్మా. ఈ మిషన్లో అన్ని అక్షరాలకూ ఒకే చోటు. సన్నపు ఐ అక్షరానికీ అంతే, లావు ఎం అక్షరానికీ అంతే. చుక్కకు గూడా అంతే చోటిచ్చినారు. అంత గదిలో అది ఆవగింజ మాదిరి ఒక మూల పడుంటాది, చదివేటోనికి కనపడదు. ఎనకాల రెండు ఖాళీలుంటే వాక్యం ఐపోయిందని తెలుస్తాది."

అక్కడితో ఆపి ఉంటే ఆయన నా దృష్టిలో గొప్ప గురువుగా మిగిలిపోయేవాడు. ఆపలేదు.

"అది కాకున్నా, పరీక్షలో తప్పు ఏస్తారు. నాకు పాసులు కావల్ల, నీకు ఉద్యోగం కావల్ల. గమ్మున కొట్టు."

ఆఫీసుల్లో ఏ నియమం తీసుకున్నా ఇలాగే రెండు కారణాలు ఉంటాయని తర్వాత తెలిసింది. మొదటిది పుస్తకంలో చెప్పే కారణం. రెండోది నిజంగా పనిచేసే కారణం.

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే మా నాయన సూదీ దారం పక్కన పెట్టేశాడు.

"ఏమీ లేనిది కొట్టేదానికి గూడా మార్కులుండాయా?"

"ఉండాయి నాయనా. సరిగ్గా కొట్టకపోతే తీసేస్తారు."

"నేను పరుపులో దూది తక్కువేస్తే తిడతారు. నువ్వు ఖాళీ తక్కువేసినా తిడతారన్నమాట." మళ్ళీ సూది చేతికి తీసుకుని, "మంచి ఉద్యోగమేలే. బరువుండదు," అన్నాడు.

నారాయణప్ప సారు కిటికీ

ఆఫీసులో నా మీద సూపరింటెండెంటు నారాయణప్ప సారు. మడకశిర వైపు మనిషి. ఇంట్లో గొర్రెలు, నోట్లో రెండు భాషలు. శాంతంగా ఉన్నప్పుడు తెలుగు, కోపం వస్తే కన్నడం. నేను కాగితం తీసుకుపోతే చదివేవాడు కాదు. కిటికీ దగ్గరకు పోయి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. వాక్యాల మధ్య ఖాళీలు సమంగా కనబడితే సంతకం. ఎక్కడైనా ఇరుకుగా కనబడితే, "ఏనమ్మా ఇదు?" అని ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి వెనక్కిచ్చేవాడు. తప్పుడు అక్షరమైతే తెల్లమందు పూసి దిద్దొచ్చు. లేని ఖాళీని దిద్దే మందు లేదు. పేజీ మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే.

ఒకసారి చచ్చిపోయిన ఎద్దుకు వెంటనే టీకా వేయించాలని అర్థమొచ్చే కాగితం ఒకటి ఆయన బల్లమీదికి పోయింది. రాసిన గుమాస్తా పుణ్యం అది. నేను కొట్టేటప్పుడే గమనించి చెప్పాను. ఆయన కిటికీ దగ్గర పట్టుకుని చూసి సంతకం పెట్టేశాడు.

"సార్, ఎద్దు చచ్చిపోయింది కదా?"

"ఎద్దు సంగతి పశువుల డాక్టరు చూసుకుంటాడులే పీరమ్మా. ఖాళీల సంగతి నాది."

ఇలాంటి మనిషిని మూర్ఖుడని తేల్చేయడం తేలిక. నేనూ తేల్చేశాను, చేరిన కొత్తల్లో. ఆ తర్వాత ఒకరోజు పైనుంచి వచ్చిన అధికారి ఒకాయన కాగితం ఆలస్యమైందని నా బల్లముందు నిలబడి అరవడం మొదలుపెట్టాడు. నారాయణప్ప సారు లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"కాగితం మీద సంతకం నాది సార్. తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఈయమ్మ చేతి ఏళ్ళు వణికితే తప్పులు పడతాయి, మళ్ళ అదొక ఆలస్యం."

తన కింద పనిచేసేవాళ్ళ మీద ఎవరినీ అరవనివ్వని సూపరింటెండెంటు, ఎద్దుకు టీకా వేయిస్తే వేయించనీ అనిపించింది నాకు. మీకు కూడా ఉద్యోగంలో ఇలాంటివాళ్ళు తగులుతారు. పని తెలిసి మనిషితనం లేనివాళ్ళకంటే వీళ్ళ దగ్గర బతకడం సుఖం. నా మాట నమ్మండి.

ఆ తర్వాత మిషన్లు మూలన పడి కంప్యూటర్లు వచ్చాయి. మీటలు మెత్తబడ్డాయి, తెర వెలిగింది. నా బొటనవేలు మాత్రం ఏ మార్పూ రానట్టు చుక్క తర్వాత రెండుసార్లే కొడుతూ పోయింది. నారాయణప్ప సారు అచ్చయిన కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోతూనే ఉన్నాడు.

కొత్త సారు

అప్పుడు మా ఆఫీసుకు పెద్ద అధికారిగా ఒక కుర్రాయన వచ్చాడు. పరీక్ష రాసి నేరుగా పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు, కోస్తా వైపు మనిషి. మంచివాడే. కాగితం అందంగా ఉండాలని ఆయన పట్టుదల. వచ్చిన వారంలోనే నన్నూ నారాయణప్ప సారునూ పిలిచాడు. ఏదో పెద్ద తనిఖీ అనుకుని ఇద్దరం భయపడుతూ పోయాం.

"వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండు స్పేసులు ఎందుకు పెడుతున్నారండీ?" అన్నాడు.

"పద్ధతి సార్," అన్నాడు నారాయణప్ప.

"అది టైప్‌రైటర్ పద్ధతి. కంప్యూటర్లో ఏ అక్షరానికి ఎంత చోటు కావాలో అదే చూసుకుంటుంది. ఒకటి చాలు. రెండు పెడితే పేజీ మధ్యలో తెల్లగా ఏర్లు పారినట్టు కనిపిస్తుంది. చూడండి." ఒక కాగితం మా వైపు తిప్పాడు.

నారాయణప్ప దాన్ని చూసి, "పారనీలే సార్. మా జిల్లాలో ఏర్లు పారేది ఆడొక్కచోటే," అన్నాడు.

కొత్త సారు నవ్వలేదు. అప్పటికి ఆయన ఇక్కడ ఒక ఎండాకాలం గడిపి ఉంటే నవ్వేవాడు. "ఇకమీదట ఒకటే," అన్నాడు.

బయటికొచ్చాక నారాయణప్ప సారు వరండాలో ఆగిపోయాడు. ముఖం చిన్నబోయింది.

"ఇన్నేండ్లు నేను కొట్టించిందంతా తప్పంటనా పీరమ్మా?"

"తప్పని కాదు సార్. మిషను మారిందంటాన్నాడు."

"రేప్పొద్దున ఇంకొగడు వచ్చి చుక్కే వద్దంటాడు. ఆయప్ప తెరమీద చూస్తాడు, తెరమీద ఏం తెలుస్తాది? నువ్వు రెండే కొట్టు. అడిగితే నేను చెప్పుకుంటా."

రెండే కొట్టాను. కుర్చీకి దూరంగా ఉన్న పెద్ద అధికారి మాటకంటే దగ్గరగా ఉన్న చిన్న అధికారి మాటే టైపిస్టుకు ముఖ్యం. సెలవు చీటీ మీద మొదట సంతకం పెట్టేది ఆయనే కదా. కొత్త సారుకు అనుమానం రాలేదు. అప్పుడప్పుడు తెరను చూసి, "ఇప్పుడు ఎంత బాగుందో చూశారా?" అని కూడా అనేవాడు. నారాయణప్ప సారు గంభీరంగా తల ఊపేవాడు.

బోడిగుట్టపల్లె ఓబుళమ్మ

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. శెనక్కాయ చెట్టు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకే ఎండిపోయింది. బోర్లు ఒకటొకటిగా గాలి వదలడం మొదలుపెట్టాయి. కరువు చూడటానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తుందని కబురు వచ్చింది. వాళ్ళకివ్వడానికి మా వైపు పరిస్థితి మీద ఇంగ్లీషులో ఒక నోటు తయారుచేయాలి. రెండు పేజీలు దాటకూడదు. అక్షరాల సైజు తగ్గించకూడదు, పక్కన వదిలే మార్జిన్లు తగ్గించకూడదు. దాటితే తీసుకోరు. కరువుకు కూడా కొలత పెట్టినవాళ్ళు వాళ్ళు.

ఆ రోజుల్లోనే ఓబుళమ్మ మా ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. నల్లమాడ దగ్గర బోడిగుట్టపల్లె ఆమెది. గొర్రెలు కాసుకునే ముసలామె, ఎముకల మీద చర్మం తప్ప కండ లేదు. గొంతు మాత్రం గుట్టకు తగిలి తిరిగొచ్చేది. వచ్చినప్పుడల్లా చంకలో ఖాళీ ప్లాస్టిక్ బిందె ఉండేది.

"బిందె ఆడ పెట్టి లోపలికి పోవ్వా," అని బంట్రోతు అడ్డం పడేవాడు.

"బిందె లేకుంటే నేను ఏంటికొచ్చినానో మీకెట్ల తెలుస్తాదప్పా?" అనేది.

వాళ్ళ పల్లెలో ఉన్న ఒక్క బోరూ ఎండింది. ట్యాంకరు వాళ్ళ పక్కనున్న పెద్ద ఊరిదాకా వచ్చి ఆగిపోతుంది. కాగితాల్లో బోడిగుట్టపల్లె వేరే ఊరు కాదు, ఆ పెద్ద ఊర్లో ఒక భాగం. మధ్యలో ఒక గుట్ట ఉన్న సంగతి కాగితానికి తెలియదు. ఆడవాళ్ళు గుట్ట ఎక్కి దిగి నీళ్ళు మోసుకోవాలి. ఆమె ప్రతి బల్ల దగ్గరా ఇదే చెప్పింది. ప్రతి బల్లా పక్క బల్లను చూపించింది. బల్లలన్నీ అయిపోయాక నా దగ్గరకు వచ్చింది. నాది చివరి బల్ల.

"ఈ పాప కొడితేనంట గదా కాగితం పోయేది. మా పల్లె పేరు కొట్టు పాపా."

"నేను కొడితే కాదవ్వా. ఎవరన్నా రాసియ్యల్ల."

నారాయణప్ప సారు తన బల్ల దగ్గరనుంచి విన్నాడు. రోజూ విన్నాడు గానీ ఆ రోజు లేచి వచ్చాడు. బిందె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "కూర్చో పెద్దమ్మా," అని స్టూలు లాగి, ఊరు సంగతులన్నీ అడిగాడు. ఆ సాయంత్రం తనే ఒక పేరా రాసిచ్చాడు. దారికి దూరంగా ఉండి, పెద్ద ఊళ్ళ పేరు కింద కనబడకుండా పోతున్న పల్లెల గురించి. ఆ పల్లెల పేర్లలో చివరిది బోడిగుట్టపల్లె. ఆయన ఇంగ్లీషు అంతకుముందు నేను చూసిన దానికంటే బాగుంది. కోపంతో రాసింది బాగానే వస్తుందనుకుంటాను.

జీపు హారను కొట్టిన రోజు

బృందం వచ్చే రోజు పొద్దున నోటు అచ్చుతీశాం. రెండు పేజీలు నిండి, మూడో పేజీ మీదికి నాలుగు వరుసలు జారాయి. జారింది ఆఖరి పేరా చివర. పల్లెల పేర్లున్న చోటు.

కొత్త సారు గడియారం చూసుకున్నాడు. ఆయనను తీసుకుపోవాల్సిన జీపు అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది.

"ఈ పేరా తీసేయండి. ఈ వివరాలు తర్వాత విడిగా పంపిద్దాం."

"తర్వాత పంపినవి యాడికి పోతాయో నాకు తెలుసు సార్," అన్నాడు నారాయణప్ప. "చానా పంపినా నేను."

"మరేం చేద్దాం? మిగతాది ఏది తీసినా లెక్క తప్పుతుంది. మీరే చెప్పండి."

 ఓబుళమ్మ వరండాలో బిందె పక్కన పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. లోపల ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. నారాయణప్ప సారు ఆమెను చూశాడు. తర్వాత అచ్చు కాగితాలు తీసుకుని కిటికీ దగ్గరకు పోయాడు. వెలుతురుకు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏం చూస్తున్నాడో నాకు అర్థమైంది. చాలా పేరాలు ఒకటో రెండో మాటల కోసం ఒక వరుస మొత్తం తినేస్తున్నాయి. కాస్త చోటు దొరికితే ఆ మాటలు పై వరుసలోకి ఎక్కుతాయి.

"పీరమ్మా."

"సార్."

"రెండో ఖాళీ తీసెయ్."

కొత్త సారు తల ఎత్తాడు. "రెండో ఖాళీ ఏమిటి?"

నారాయణప్ప కిటికీ వైపునుంచి తిరగలేదు. "మీరు ఒకటన్నారు. నేను రెండు కొట్టిస్తా వచ్చినా. ఈయమ్మ తప్పేం లేదు. నేను చెప్పినా, ఆయమ్మ కొట్టింది."

తన కంటే సగం వయసున్న మనిషి ముందు ఆ ముసలాయన ఆ మాట ఎలా అనగలిగాడో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. చెవులు ఎర్రబడ్డాయి. 

కొత్త సారు ముందు నోరు తెరిచాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను బాగుంది బాగుంది అన్నదంతా..."

"రెండు ఖాళీలవే సార్. బాగుందని మీరే అన్నారు," అన్నాడు నారాయణప్ప, అప్పుడు కూడా వదలకుండా.

"లేవండి, నేనే తీస్తాను," అని సారు నన్ను లేపి నా కుర్చీలో కూర్చున్నాడు. చేత్తో ఒక్కొక్కటీ తీయనవసరం లేదు. రెండు ఖాళీలు ఎక్కడున్నా ఒకటి చేయమంటే కంప్యూటరే మొత్తం చేసేస్తుంది. సారు హుషారుగా ఒకసారి నొక్కాడు, చాలదనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. సేవ్ చేశాడు. అదే క్షణాన కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క మూలుగు మూలిగి చచ్చింది, చేసిన మార్పును వెనక్కి తీసుకునే దారి కూడా దాంతోనే పోయింది.

కరెంటు వచ్చాక తెరిచి చూస్తే, వాక్యాలన్నీ బుద్ధిగా దగ్గరికి జరిగాయి. మొదటి పేజీలోని పట్టిక మాత్రం కుప్పకూలింది. అప్పట్లో మేం పట్టికల్లో అంకెలను స్పేసులు కొట్టి వరుసలో నిలబెట్టేవాళ్ళం. ఆ స్పేసులన్నీ పోయి ఒక్కొక్కటే మిగిలింది. మండలాల పేర్లు, జనం, పశువులు, గొర్రెలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మడకశిర మందలన్నీ మనుషుల మీదికి ఎక్కాయి.

సారు తెరమీదికి వంగాడు. "ఇందులో మనుషులెవరు, గొర్రెలెవరు?"

"కరువులో ఇద్దరికీ తేడా యాడుండాది సార్," అన్నాడు నారాయణప్ప. అని, ఇందాకటి అచ్చు కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "లెయ్యండి. ఆయమ్మను కూర్చోనీండి. నేను చదువుతా."

బయట జీపు హారను మొదలుపెట్టింది. ఆయన చదివాడు, నేను కొట్టాను. వోల్టేజి చాలక ఫ్యాను తిరగకపోతే, సారు నిలబడి అట్ట ఒకటి తీసుకుని మా ఇద్దరికీ గాలి విసిరాడు. పెద్ద కుర్చీ మనిషి విసిరిన గాలి నా జన్మలో అదొక్కటే. అచ్చు వేశాం. మొదటి పేజీ వచ్చింది. రెండోది వచ్చింది. మూడో పేజీ కోసం ముగ్గురం ప్రింటరు నోట్లోకి చూస్తూ నిలబడ్డాం. రాలేదు. రెండో పేజీ ఆఖరి వరుసలో బోడిగుట్టపల్లె అంచు పట్టుకుని నిలబడి ఉంది.

నారాయణప్ప సారు కాగితాన్ని కిటికీ దగ్గర ఒకసారి చూశాడు.

"ఇరుగ్గా ఉండాది," అన్నాడు. "ఉండనీలే. అందరూ పట్టినారు."

సారు జీపెక్కాక ఓబుళమ్మకు ఇంకో అచ్చు చూపించాను. ఆమె వేలు పట్టుకుని పల్లె పేరు మీద పెట్టాను.

"ఇంతేనా పాపా?" అంది, నమ్మలేనట్టు. "మా పల్లె ఇంత చిన్నదా?"

నేను తేల్చుకున్నది

ఒకటా, రెండా? ఇప్పుడు ఒకటే. ఇందులో వాదన లేదు. కొత్త సారు చెప్పింది నిజం, మిషను మారింది. మా మాస్టరు చెప్పిందీ నిజమే, ఆ మిషనుకు రెండే సరి. కారణం రిటైరయిపోయినా నియమం మాత్రం ఉద్యోగంలో కొనసాగుతూ ఉంటుంది, చిక్కంతా అక్కడ. మీరు ఈరోజు ప్రాణంగా పట్టుకున్న పద్ధతికి కూడా ఇదే గతి. ఇప్పటికే ఫోనులో రెండుసార్లు స్పేసు కొడితే ఫుల్‌స్టాప్ దానంతట అదే పడుతోంది. మేం చుక్క పెట్టి ఖాళీలు కొట్టేవాళ్ళం. మీరు ఖాళీలు కొడితే చుక్క పుడుతోంది. మా మాస్టరు బతికుంటే తువ్వాలు తీసి చూసేవాడు.

పట్టికలను స్పేసులతో నిలబెట్టకండి. మొత్తం ఒకేసారి మార్చే మీట నొక్కేముందు ఇంకో కాపీ పెట్టుకోండి. పై అధికారి హుషారుగా మీ కుర్చీలో కూర్చుంటే కరెంటు ఉందో లేదో చూసుకోండి. ఇంతకుమించి సాంకేతిక సలహాలు నా దగ్గర లేవు.

చోటు చాలనప్పుడు ఏది తీసేస్తున్నారో మాత్రం చూడండి. ఎప్పుడూ చివరి పేరానే తీస్తారు. మనుషుల పేర్లు, పల్లెల పేర్లు ఉండేది అక్కడే. పై పేజీల్లో శాతాలుంటాయి, వాటి జోలికి ఎవరూ పోరు.

నారాయణప్ప సారు ఆ రోజు తర్వాత ఆఫీసు కాగితాలకు ఒకటే కొట్టమన్నాడు. తన సెలవు చీటీలకు మాత్రం రెండు కొట్టించుకున్నాడు. "అది నా సొంత కాగితం," అనేవాడు. ఇప్పుడు ఊర్లో గొర్రెలు చూసుకుంటూ నాకు వాట్సాప్‌లో మెసేజీలు పెడుతుంటాడు. వాటిలో ఖాళీ లేదు, చుక్క లేదు, కామా లేదు. అన్నీ ఒకే ఊపిరి. అడిగితే, "రిటైరయినా కదమ్మా," అంటాడు.

ట్యాంకరు

బృందం వచ్చి పోయిన కొన్నాళ్ళకు బోడిగుట్టపల్లెకు విడిగా ట్యాంకరు పంపమని ఉత్తర్వు వచ్చింది. అది మా నోటు మహిమ అని కొత్త సారు నమ్మాడు. బృందం కారు సరిగ్గా ఆ గుట్ట కిందే పంక్చరయిందని, స్టెప్నీ మార్చేదాకా పెద్దమనుషులు ఎండలో నిలబడి నీళ్ళడిగితే, పల్లెవాళ్ళు ఒక్క చెంబు నలుగురికీ సర్దారని జీపు డ్రైవరు చెప్పాడు. అప్పుడు వాళ్ళలో ఒకాయన, ఇది ఏ ఊరు అని అడిగి, పేరు చెప్పగానే కాగితం తీసి వెతికాడట. ఆఖరి వరుసలో దొరికిందట. పంక్చరు పుణ్యమో, పేరా పుణ్యమో మీరే తేల్చుకోండి. ఒకటి లేకుండా రెండోది పనిచేసేది కాదని నా అనుమానం.

ఉత్తర్వు వచ్చిన తర్వాతి వారం ఓబుళమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి బిందెలో నీళ్ళున్నాయి. బస్సులో తెచ్చింది, సగం ఒలికించుకుని. బంట్రోతును తోసుకుని వచ్చి, నా బల్లమీద, కీబోర్డు పక్కనే పెట్టింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను కూడా.

"వాసన చూడు పాపా."

వంగి చూశాను. డీజిలు. నారాయణప్ప సారును పిలిచింది. ఆయన చూసి ముక్కు మూసుకున్నాడు. మా గొడవ విని గదిలోంచి వచ్చిన కొత్త సారుకు కూడా బిందె ఎత్తి చూపించింది.

"నీళ్ళు వచ్చాయి కదా అవ్వా, కాస్త ఓపిక పట్టాలి," అన్నాడు సారు.

"వచ్చినాయి నాయనా. గొర్రెలు మూతి పెట్టి ఎనక్కి పోతాండాయి. గొర్రెలు తాగనివి మేం తాగతాండాం. పిల్లోళ్ళకు కడుపులు నొస్తాండాయి. పేరు కొట్టినారు, సరే. ఇది గూడా కొట్టండి."

 సారు తన గదిలోంచి తన కుర్చీనే లాక్కుని వచ్చి ఆమెకు వేశాడు. ఆమె దాని అంచు మీద, ఎవరో లేపుతారన్నట్టు కూర్చుంది. నేను కొత్త పేజీ తెరిచాను. ఆమె మొదలుపెట్టింది. ట్యాంకరు ఎప్పుడొస్తుంది, డ్రైవరు ఏమంటాడు, ఆ ట్యాంకరులో నిన్నమొన్నటిదాకా ఏం పోశారు, ఏ ఇంట్లో ఏ పిల్లకు వాంతులయ్యాయి, ఎవరు తిట్టారు, ఎవరు నవ్వారు. నా చేతులు ఆమె నోటిని అందుకోలేకపోయాయి.

"అవ్వా, కొంచెం ఆగి ఆగి చెప్పు. ఆమె టైపు చేయాలి," అన్నాడు సారు.

"ఆగితే మీరు లేచి పోతారు నాయనా," అంది ఓబుళమ్మ.

ఎవరం లేవలేదు. భోజనాల వేళ దాటిపోయినా కూర్చున్నాం. ఆ కాగితం ఆ సాయంత్రమే పోయింది. సారు తనే వెంటపడి ట్యాంకరు మార్పించాడు. ఈసారి పంపింది అంతకుముందు పాలు తోలిన ట్యాంకరు.

కొన్నాళ్ళకు ఓబుళమ్మ మళ్ళీ కనబడింది. ఆమెను చూడగానే నా చేయి కీబోర్డు మీదికి పోయింది.

"పాల కంపు కొడతాండాయి పాపా," అంది. "అయినా గొర్రెలు తాగతాండాయి. ఇంక నువ్వు లేచి అన్నం తినుపో."